వాట్సాప్ గ్రూపులు నాలుగు, పొట్లాలన్నీ ఒకే వీధికి

ఈసారి వచ్చిన ఉత్తరాలూ మెయిళ్లూ చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. వరదో ఇంకేదో ముంచుకొచ్చినప్పుడు రెవెన్యూ, పోలీసు, మున్సిపాలిటీ, స్వచ్ఛంద సంస్థలు, కుర్రాళ్ల సంఘాలు అందరూ పరిగెత్తుతారు, కానీ ఒకరు చేసేది ఇంకొకరికి తెలియదు, దీనికి కంప్యూటర్లో ఏదైనా దారి ఉందా అని. మొదటి ఉత్తరానికే ఎక్కువ చోటు పట్టింది, మిగతావాళ్లు ఏమనుకోవద్దు.

ప్రశ్న: సార్, మాది కర్నూలు. తుంగభద్ర ఒడ్డు కాలనీల్లో పనిచేసే చిన్న యువజన సంఘం. వాన గట్టిగా పడితే చాలు, నాలుగు వాట్సాప్ గ్రూపులు పుడతాయి. మాదొకటి, ఒక భజన మండలి వాళ్లదొకటి, వ్యాపారులదొకటి, వార్డు వాళ్లదొకటి. పోయినసారి ఒకే వీధికి మూడు ఆటోల్లో పులిహోర పొట్లాలు వెళ్లాయి. రెండు వీధుల అవతల చంటిపిల్లల తల్లులు పాల కోసం ఫోన్ మీద ఫోన్ చేస్తూనే ఉన్నారు. ఇలాంటివాటికి సాఫ్ట్‌వేర్లు ఉంటాయట కదా. ఏది కొనాలి? ఎంతవుతుంది?
— సంఘం కార్యదర్శి, కర్నూలు

జవాబు: కొనొద్దు తమ్ముడూ. కనీసం ఇప్పుడప్పుడే కొనొద్దు. నువ్వు రాసిన తిప్పల్లో సాఫ్ట్‌వేర్ లేక వచ్చింది ఒక్కటీ నాకు కనపడలేదు. మూడు ఆటోల వాళ్లూ మంచి మనసుతోనే బయల్దేరారు, కానీ "ఆ వీధి మేం చూసుకుంటున్నాం" అని ఒకరు రాసిపెట్టే చోటు, అది మిగతా ఇద్దరూ బయల్దేరే ముందే చూసే చోటు లేకపోయింది. వాట్సాప్ ఆ చోటు ఇవ్వదు. అందులో మెసేజ్ పైకి జరిగిపోతుంది, అంతే. పొద్దున ఆరింటికి "పాలు కావాలి" అని వచ్చింది, పాలు అందాక కూడా సాయంత్రం దాకా, ఒక్కోసారి మరుసటి వారం దాకా ఊరంతా తిరుగుతూనే ఉంటుంది, దాని మీద మొదట అడిగిన తేదీ ఉండదు, టైం ఉండదు, ఎవరు తీసుకున్నారో ఉండదు. ఫలానా గ్రూపు రక్తం కావాలంటూ ఏళ్ల కిందటి మెసేజ్‌లు ఇప్పటికీ వస్తుంటాయి చూడు, అదే జబ్బు.

2018 ఆగస్టులో కేరళ వరదలప్పుడు అక్కడి ప్రభుత్వ ఐటీ మిషన్, ఐఈఈఈ సంస్థలోని ఇంజనీర్లు, విద్యార్థులు కలిసి కేరళ రెస్క్యూ అనే వెబ్‌సైటును చూస్తుండగానే నిలబెట్టారు. సాయం కావాల్సినవాళ్లు అందులో రాయొచ్చు, చేసేవాళ్లు పేరు ఇవ్వొచ్చు, ఏ శిబిరంలో ఏం లేదో చూడొచ్చు. కోడ్ కూడా అందరికీ తెరిచిపెట్టారు కాబట్టి ఎక్కడెక్కడి ప్రోగ్రామర్లో చేయి వేశారు. గొప్ప పని, కాదనను. కానీ అలాంటి సైటుకు అసలు చాకిరీ కోడ్ రాయడంలో ఉండదు, వచ్చిన ప్రతి విన్నపానికీ ఫోన్ చేసి "మీరింకా అక్కడే ఉన్నారా, ఎవరైనా వచ్చారా" అని కనుక్కోవడంలో ఉంటుంది. ఇంట్లో చిక్కుకున్న ముసలి దంపతుల కోసం దుబాయ్‌లో ఉన్న కొడుకు ఒకటి రాస్తాడు, బెంగళూరు కూతురు ఒకటి రాస్తుంది, పక్కింటాయన ఇంకొకటి. మూడు విన్నపాలు, ఒకటే ఇల్లు. మూడు పడవలు వెళ్తే, ఇంకో రెండిళ్లకు పడవ లేనట్టే.

కాబట్టి మీకు కావాల్సింది ఒకే ఒక్క జాబితా. గూగుల్ షీట్ చాలు, పైసా ఖర్చు లేదు. ప్రతి విన్నపానికీ ఒక వరస, ప్రతి వరసకూ ఒక నంబరు, అది ఎప్పటికీ మారకూడదు. వచ్చిన టైం, చోటు (కాలనీ పేరు ఒక్కటీ చాలదు, గుడో మసీదో వాటర్ ట్యాంకో ఒక గుర్తు, వీలైతే మ్యాప్‌లో పిన్ను), ఎంతమంది, అందులో చంటిపిల్లలు, ముసలివాళ్లు, కదల్లేనివాళ్లు ఎంతమంది, ఏం కావాలి, చెప్పినవాళ్ల ఫోన్. ఇంతవరకు అందరికీ తడుతుంది. ఎవరూ పెట్టనివి, పెట్టినా నింపనివి ఆ తర్వాతి మూడు గళ్లు: ఎవరు తీసుకున్నారు, ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చింది, చివరగా మార్చింది ఎన్నింటికి. నువ్వు అడిగిన సాఫ్ట్‌వేర్ అంతా ఈ మూడు గళ్లలోనే ఉంది.

ఎక్కడిదాకా వచ్చిందో రాసే గడిలో ఎవరికి తోచింది వాళ్లు రాస్తే "ఓకే అన్న", "డన్", "చూస్తున్నాం" అని నిండిపోతుంది, దాన్ని బట్టి ఎవరూ ఏమీ తేల్చలేరు. అయిదే మాటలు పెట్టండి: కొత్తది, ఫోన్ చేసి నిర్ధారించాం, బయల్దేరాం, అందింది, మూసేశాం. షీట్‌లో డ్రాప్‌డౌన్ అని ఉంటుంది, దాన్ని వాడితే ఆ అయిదు తప్ప ఆరోది రాయనివ్వదు. "అందింది" అనేది ఆటో వాళ్లు చెప్పే మాట, "మూసేశాం" అనేది అడిగినవాళ్లకు తిరిగి ఫోన్ చేశాక మీరు రాసే మాట, రెండూ ఒకటి కావు. ఏ వరసనూ తుడిచేయకండి, పొరపాటున రెండుసార్లు ఎక్కినదాన్ని కూడా "ఫలానా నంబరులో కలిసింది" అని రాసి ఉంచండి, లేకపోతే సాయంత్రం అదే విన్నపం మళ్లీ కొత్తగా వస్తుంది.

షీటు లింకు అందరికీ ఇస్తే ఏమవుతుందో చెప్పనా? ఎవరో పెద్దమనిషి ఒక్క గడిని మాత్రం అక్షర క్రమంలో పెట్టబోయి పేర్లూ ఫోన్లూ కలగలిపేస్తాడు. అందుకే చూసే హక్కు అందరికీ (పేర్లూ ఫోన్లూ మాత్రం వేరే షీట్‌లో, ఎందుకో చివరి జవాబులో చెప్పాను), రాసే హక్కు షిఫ్టుకు ఇద్దరికే. ఆ ఇద్దరూ నీళ్లలోకి దిగకూడదు. మన కుర్రాళ్లతో ఇదే కష్టం, అందరూ పుట్టి ఎక్కేవాళ్లే, టేబుల్ దగ్గర కూర్చోమంటే మొహం మాడ్చుకుంటారు. కూర్చునేవాళ్లకు టీ, ఛార్జర్, కాస్త గౌరవం ఇవ్వండి, సగం పని అక్కడే జరుగుతుంది. నాలుగు వాట్సాప్ గ్రూపులూ ఉండనివ్వండి, వాటిని మూయించబోతే గొడవలే మిగులుతాయి, కాకపోతే అవి కబురు లోపలికి రావడానికి మాత్రమే. ఏ గ్రూపులో వచ్చినా టేబుల్ దగ్గరి వాళ్లు షీట్‌లో ఎక్కించి, అదే గ్రూపులో "ఇది 47వ నంబరు" అని జవాబు పెడతారు. ఆ తర్వాత ఎవరైనా ఆ నంబరు చెప్పే మాట్లాడాలి.

ఇదంతా నా బుర్రలో పుట్టింది కాదు. 1970లో కాలిఫోర్నియాలో అడవులు తగలబడినప్పుడు ఎన్నో అగ్నిమాపక శాఖలు వచ్చాయి, ఒకరి రేడియో ఇంకొకరికి అందదు, ఒకరి మాట ఇంకొకరికి అర్థం కాదు, ఎవరి కింద ఎవరు పనిచేయాలో తేలదు. ఆ అనుభవం నుంచే ఎవరి పదవి ఏమిటి, ఎవరు ఎవరికి చెప్పాలి, ఏ పనిని ఏమని పిలవాలి అని ముందే తేల్చుకునే ఒక పద్ధతి పుట్టింది. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దాన్నే మన దేశానికి తగ్గట్టు మార్చి 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. రంగంలో దిగి పనిచేసేవాళ్లు ఒక జట్టు, లెక్కలూ సమాచారం చూసి తర్వాత ఏం చేయాలో చెప్పేవాళ్లు ఒక జట్టు, తిండీ బండ్లూ డీజిలూ సమకూర్చేవాళ్లు ఒక జట్టు, వీళ్లందరి మీద ఒకే బాధ్యుడు. మీ నాలుగు సంఘాలకూ ఇదే కొలత సరిపోతుంది. వ్యాపారుల సంఘం సరుకు చూసుకుంటుంది, భజన మండలి వంట చూసుకుంటుంది, మీ కుర్రాళ్లు చేరవేస్తారు, వార్డు వాళ్లు ఎవరికేం కావాలో నిర్ధారిస్తారు. కాలనీలు పంచుకోవడం కంటే పనులు పంచుకోవడమే నయమని నా అభిప్రాయం, కాలనీలు పంచుకుంటే ప్రతివాళ్లూ మళ్లీ పులిహోరే వండుతారు.

ఇంకొకటి, కాస్త గట్టిగానే చెబుతున్నా. ప్రాణం మీదికి వచ్చిన విన్నపం షీట్‌లో ఎక్కించడం తర్వాత, ముందు 112కు గానీ, కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ 1077కు గానీ ఫోన్ చేయాలి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు, పడవలు, అగ్నిమాపక సిబ్బంది, ఎస్డీఆర్ఎఫ్ (రాష్ట్ర విపత్తు స్పందన దళం) జట్లు అటునుంచే కదులుతాయి. మీ షీటు ఇంకో కంట్రోల్ రూమ్ కాదు. వానాకాలం రాకముందే తహశీల్దారు ఆఫీసుకు వెళ్లి, ఇదిగో మా జాబితా, చూసే లింకు మీకూ ఇస్తాం, పూటకోసారి ఎన్ని వచ్చాయి, ఎన్ని మూశాం, ఏది మా వల్ల కాలేదు అని ఒక్క పేజీ పంపుతాం అని చెప్పి రండి. వాళ్లు మొదట్లో పట్టించుకోకపోవచ్చు. మూడోది, అంటే "మా వల్ల కానివి", నిజాయితీగా రాయండి, అధికారులకు అక్కరకొచ్చేది అదే.

చివరగా కరెంటు సంగతి. కర్నూలు వాళ్లకు 2009 అక్టోబరు 2 గురించి నేను చెప్పాలా? తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చేశాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చి, 885 అడుగుల నిండుమట్టం కూడా మునిగిన రోజులవి. అలాంటి రోజున కరెంటూ ఉండదు, సిగ్నలూ ఉండదు, గూగుల్ షీటు అసలే ఉండదు. అందుకే రెండు మూడు గంటలకోసారి జాబితా ప్రింటు తీసి గోడకు అంటించండి. ప్రింటరు లేకపోతే లాంగ్ నోట్‌బుక్కులో అవే గళ్లు గీసి కార్బన్ కాగితం పెట్టి రాయండి. నెట్ లేని చోటుకు వెళ్లేవాళ్ల ఫోన్లలో కోబో టూల్‌బాక్స్, ఓడీకే లాంటి ఫారం యాప్‌లు ముందే వేసి ఉంచండి, ఇవి రాసినదాన్ని ఫోన్‌లోనే దాచుకుని సిగ్నల్ దొరికినప్పుడు పంపుతాయి, ఉచితంగా వాడుకోవచ్చు. వరద వచ్చిన రోజు మాత్రం ఎవరికీ కొత్త యాప్ నేర్పించొద్దు. ఎండాకాలంలోనే ఒక ఆదివారం పూట ఉత్తుత్తి వరద పెట్టుకుని నాలుగు సంఘాలూ కలిసి ఆడి చూడండి. వీధి పేర్లు ఒక్కొక్కరూ ఒక్కోలా రాస్తారన్న సంగతి ఆ రోజే బయటపడుతుంది.

ప్రశ్న: మాది కోసిగి దగ్గర, తుంగభద్ర ఒడ్డున మడి. డ్యామ్ గేటు కొట్టుకుపోయినప్పుడు ఒకరు ఇప్పుడే నీళ్లొస్తున్నాయన్నారు, ఇంకొకరు రేపొస్తాయన్నారు, మోటార్లు పీక్కోవాలా వద్దా తెలీక రాత్రంతా టెన్షన్. ఇంత టెక్నాలజీ ఉంది కదా, ఒక్క మాట చెప్పలేరా?
— రైతు, కర్నూలు జిల్లా

జవాబు: 2024 ఆగస్టు 10 రాత్రి హొసపేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. మొత్తం 33 గేట్లు. మిగతావాటి మీద భారం పడకుండా ఇతర గేట్లు కూడా ఎత్తి నీళ్లు కిందికి వదిలారు, కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల వాళ్లను జాగ్రత్తగా ఉండమన్నారు. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడుగారి ఆధ్వర్యంలో స్టాప్‌లాగ్ పలకలు దించి నీళ్లను కొద్ది రోజుల్లోనే ఆపారు కాబట్టి సరిపోయింది.

మీరడిగిన ఒక్క మాట ఎందుకు కష్టమంటే, డ్యామ్ ఉన్నది కర్ణాటకలో, నడిపేది తుంగభద్ర బోర్డు, నది మట్టం కొలిచేది కేంద్ర జల సంఘం, సుంకేసుల బ్యారేజీ మన జలవనరుల శాఖది, ఊరు ఖాళీ చేయమని చెప్పాల్సింది రెవెన్యూ వాళ్లు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో లెక్క. ఒకరు క్యూసెక్కుల్లో చెబుతారు, ఒకరు అడుగుల్లో, ఒకరు మీటర్లలో, రైతుకు కావాల్సిందేమో తన మడి దగ్గరికి ఎన్నింటికి వస్తాయి అన్నది. ఈ లెక్కలన్నీ ఒకే తెర మీద కనపడితే దాన్ని మీ ఊరి భాషలోకి మార్చే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి సాఫ్ట్‌వేర్‌లో రాడు, ఆ కుర్చీ కలెక్టరేట్‌లో వేయాలి.

అంతవరకు మీ చేతిలో ఉన్నది ఇది. కేంద్ర జల సంఘం 2023లో ఫ్లడ్‌వాచ్ ఇండియా అనే యాప్ తెచ్చింది. మంత్రాలయం దగ్గర నది మట్టం కొలిచే కేంద్రం ఉంది, ఎగువ కేంద్రాల మట్టం ఎక్కుతోందా దిగుతోందా అన్నది అందులో చూసుకోవచ్చు. ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలితే మీ మడి గట్టు మునిగిందో, వదిలిన ఎన్ని గంటలకు మునిగిందో పోయిన వరదల నుంచి గుర్తు తెచ్చుకుని ఊళ్లో నలుగురూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. ఆ లెక్క ఏ సర్వర్లోనూ దొరకదు.

ప్రశ్న: అన్నమయ్య డ్యామ్ తెగినప్పుడు ఇలాంటి వ్యవస్థ ఉండుంటే మా వాళ్లు బతికేవాళ్లా?
— రాజంపేట నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మా, ఈ ప్రశ్నకు సూటిగా అవునని రాసే ధైర్యం నాకు లేదు. 2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున పైన పింఛ ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీళ్లూ చెయ్యేటి వరదా కలిసి వచ్చి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను కోసుకుపోయాయి. పులపత్తూరు, మందపల్లి, తోగూరుపేట గ్రామాలు ఏమయ్యాయో మీరు చూశారు. అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదన్న మాట పార్లమెంటు దాకా వెళ్లింది. తుప్పు పట్టిన గేటును ఏ సాఫ్ట్‌వేరూ ఎత్తదు. దాని మరమ్మతు బాకీ ఉందని మూడు శాఖల వాళ్లకూ రోజూ ఎర్రగా కనపడే ఒక జాబితా ఉంటే ఎవరో ఒకరు అడిగేవారేమో, అంతకంటే గట్టిగా నేను చెప్పలేను.

కబురు విషయంలో మాత్రం అప్పటికీ ఇప్పటికీ కొంత తేడా వచ్చింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కోసం కేంద్ర ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ తయారుచేసిన సచేత్ అనే వ్యవస్థ ఉంది. వాతావరణ శాఖ, జల సంఘం, రాష్ట్ర విపత్తు సంస్థ ఎవరు హెచ్చరిక ఇచ్చినా ఒకే నమూనాలో రాస్తారు: ఏమిటి, ఎంత తొందరగా వస్తుంది, ఎంత తీవ్రం, ఎంత ఖాయం, ఏ ప్రాంతానికి. ఒకే నమూనా కాబట్టి అదే కబురును ఎస్సెమ్మెస్‌గా, టీవీలో, యాప్‌లో పంపవచ్చు. ఒక ప్రాంతంలోని టవర్ల కింద ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి గట్టిగా మోగేలా చేసే పద్ధతిని 2023లో దేశమంతా పరీక్షించి చూశారు, మీ ఫోన్ కూడా ఒకసారి ఉలిక్కిపడేలా మోగే ఉంటుంది. అయితే తెల్లవారుజామున ఆఫ్ చేసి ఉన్న ఫోన్, ఛార్జింగ్ అయిపోయిన ఫోన్, అసలు ఫోనే లేని అవ్వ, వీళ్లకు ఇప్పటికీ తలుపు కొట్టి లేపే మనిషే కావాలి. మీ ఊళ్లో ఆ తలుపు కొట్టేవాళ్లు ఎవరో, ఏ వీధికి ఎవరో పేర్లు రాసి సచివాలయం గోడ మీద ఉందా? లేకపోతే ముందు అదడగండి, గేట్లకు గ్రీజు పెట్టారా అని కూడా అడగండి.

ప్రశ్న: కడపలో బీటెక్ చివరి సంవత్సరం. మా టీమ్ డిజాస్టర్ మేనేజ్‌మెంట్ యాప్ చేద్దామనుకుంటోంది: ఎస్ఓఎస్ బటన్, చాట్, ఏఐ అన్నీ ఉంటాయి. ఐడియా ఎలా ఉంది సార్?
— విద్యార్థి

జవాబు: మార్కులు వస్తాయి, వరదలో ఎవరూ వాడరు. పడవ మీద ఉన్నవాడు కొత్త యాప్ దించుకుని ఓటీపీ కోసం ఎదురుచూడడు బాబూ.

మీరు కొత్తగా కట్టాలనుకుంటున్నది ఎప్పుడో కట్టి ఉంది, అదీ కోడ్ అందరికీ తెరిచి. 2004 డిసెంబరు సునామీ తర్వాత శ్రీలంకలో ప్రోగ్రామర్లు స్వచ్ఛందంగా సహన అనే సాఫ్ట్‌వేర్ రాశారు. తప్పిపోయినవాళ్ల పట్టిక, ఏ సంస్థ ఎక్కడ ఏం చేస్తోందన్న పట్టిక, శిబిరాల పట్టిక, అడిగిన సాయం వచ్చిన సాయం పట్టిక అన్నీ అందులో ఉన్నాయి. మరుసటి ఏడాదే కాశ్మీర్ భూకంపానికి పాకిస్తాన్‌లో దాన్ని వాడారు. 2008లో కెన్యా అల్లర్లప్పుడు పుట్టిన ఉషాహిది అనేది జనం పంపిన కబుర్లను మ్యాప్ మీద చూపిస్తుంది, 2010 హైతీ భూకంపంలో బాగా పనికొచ్చింది. వీటిలో ఒకదాన్ని తీసుకుని తెలుగులోకి తెచ్చి, కడప సందులకు పనికొస్తుందో లేదో చూడండి. వీటిని నడపడమే ఎంత కష్టమో తెలిస్తే కొత్తది కట్టాలన్న మోజు తగ్గుతుంది.

అంతకంటే మంచి ప్రాజెక్టు ఒకటి చెప్పనా? ఎవరైనా దిద్దగలిగే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ మండలం తెరిచి చూడండి, ఎన్ని చెరువులు, వంకలు, కల్వర్టులు, బడులు అందులో లేవో. ఏ చెరువు మరువ పారితే నీళ్లు ఏ వంకలో పడతాయి, ఏ రోడ్డు ముందు మునుగుతుంది, ఎత్తు మీదున్న బడి ఏది, దాంట్లో మరుగుదొడ్లు పనిచేస్తున్నాయా, ఇవి ఊళ్లు తిరిగి ఎక్కించండి. 2015 చెన్నై వరదల్లో మునిగిన వీధులను జనమే ఇలా మ్యాప్ మీద గుర్తుపెట్టారు. ఇంకో పని కూడా ఉంది. జిల్లాలవారీగా ఎక్కడ ఎన్ని పడవలు, జనరేటర్లు, జేసీబీలు ఉన్నాయో రాసిపెట్టే జాతీయ పట్టిక ఒకటి 2003 నుంచే ఉంది. ఇలాంటి పట్టికలన్నిటికీ పట్టే చెద ఒకటే, మొదటిసారి నింపాక మళ్లీ ఎవరూ ముట్టుకోరు, జేసీబీ యజమాని ఫోన్ నంబరు మారి మూడేళ్లవుతుంది. ఆరునెలలకోసారి ప్రతి నంబరుకూ తనంతట తానే "ఈ బండి ఇంకా మీ దగ్గరుందా" అని తెలుగులో అడిగి, జవాబు రాని వరసను ఎర్రగా చూపించే చిన్న ప్రోగ్రాం రాయండి. చూడ్డానికి ఏమీ ఉండదు, ప్రెజెంటేషన్‌లో చప్పట్లు పడవు, కానీ కలెక్టరేట్ వాళ్లు మిమ్మల్ని వెనక్కి పిలిచే అవకాశం దీనికే ఉంది.

ప్రశ్న: మాకు వరదలెక్కడివండీ, అనంతపురం మాది. మా బాధ నీళ్ల ట్యాంకర్లు. మున్సిపాలిటీ ట్యాంకరూ దాతల ట్యాంకరూ ఒకే రోజు వస్తాయి, తర్వాత నాలుగు రోజులు ఏదీ రాదు.
— గృహిణి, అనంతపురం

జవాబు: ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా కదా, వరదలు లేవనుకోవడం సహజమే. కానీ 2022 అక్టోబరులో మీ నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి, అంతకు ముందు ఏడాది నవంబరులో చిత్రావతిలో చిక్కుకున్నవాళ్లను హెలికాప్టరుతో తీయాల్సొచ్చింది. వంక పక్కన ఇల్లయితే పై జవాబులు కూడా చదవండి అక్కా.

ట్యాంకర్లకు కర్నూలు తమ్ముడికి చెప్పిన జాబితా పనికిరాదు. అక్కడ ఎవరు అడిగితే వాళ్లకు పంపాలి, ఇక్కడ అడగకపోయినా వంతు రావాలి. కాబట్టి మీకు కావాల్సింది క్యాలెండర్. గూగుల్ క్యాలెండర్ ఒకటి తెరిచి వీధికో రంగు పెట్టి, మున్సిపాలిటీ వంతులు ముందు నింపి, దాతలను మిగిలిన ఖాళీల్లోకి రమ్మనండి. దాతలకు శుక్రవారమో, పుట్టినరోజో, పెద్దల తిథో ఉంటుంది, ఆ రోజే పంపుతామంటారు. ఆ ఒక్క రోజూ మీ వీధి వదిలి పక్క వీధికి పంపడానికి ఒప్పుకుంటారేమో అడగండి, చాలామంది ఒప్పుకుంటారు, ఎవరూ అడగరు అంతే. ట్యాంకరు వచ్చి వెళ్లాక ఎవరో ఒకరు ఆ రోజు గడిలో టిక్కు పెట్టాలి. వారం తర్వాత ఖాళీ గళ్లు చూపిస్తే వార్డు ఆఫీసులో మాట్లాడటం తేలిక.

ప్రశ్న: మా పునరావాస కేంద్రం జాబితా, ఆడపిల్లల పేర్లూ ఫోన్లూ సహా, ఎవరో వాట్సాప్‌లో పెట్టేశారు. అర్ధరాత్రి కాల్స్ వస్తున్నాయి. సాయం కావాలంటే ఇవన్నీ భరించాలా?
— పేరు వద్దు, ప్రొద్దుటూరు

జవాబు: అక్కర్లేదు. ఆ కాల్స్ చేసేవాళ్ల మీద 112కు గానీ, సైబర్ నేరాల నంబరు 1930కు గానీ ఫిర్యాదు చేయండి, స్క్రీన్‌షాట్లు దాచుకోండి. వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో చట్టమే వచ్చింది, జాబితా మంచి కోసం రాసింది కదా అని దాన్ని ఊరంతా పంచే హక్కు ఎవరికీ రాదు.

జాబితా రాసే సంఘాలకు: రెండు జాబితాలు పెట్టుకోండి. ఒకదాంట్లో నంబరు, కాలనీ, ఎంతమంది, ఏం కావాలి, అంతే, దాన్ని ఎవరికైనా చూపించొచ్చు. పేర్లూ ఫోన్లూ ఉన్న రెండోది టేబుల్ దగ్గర కూర్చునే ఇద్దరి దగ్గరే ఉండాలి. ఆధార్ నంబరు మీకెందుకు? దుప్పటి ఇవ్వడానికి ఆధార్ అడిగే సంఘాలున్నాయి, వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వరద తగ్గి లెక్కలు అప్పజెప్పాక రెండో జాబితాను ఫోన్లలోంచి కూడా తీసేయండి, ఎవరెవరి దగ్గర కాపీ ఉందో ముందే రాసి పెట్టుకుంటే అదీ కష్టం కాదు.